స్పీకర్లను గోడకు ఆనించి పెడితే బేస్ ఎందుకు మితిమీరుతుంది?

బేస్, అంటే తక్కువ పౌనఃపున్యపు ధ్వని, స్పీకరు ముందువైపే కాక అన్ని దిశలకూ వ్యాపిస్తుంది కనుక, వెనుక గోడ దానిని తిప్పి పంపి నేరుగా వచ్చే ధ్వనికి కలుపుతుంది. గది మూలలో పెడితే రెండు గోడలూ నేలా తోడై బేస్ మరింత ఉబ్బి, గాత్రంలోని స్పష్టతను కప్పేస్తుంది. అలాగని ఎంత దూరం జరిపినా మేలే అనుకోకూడదు. స్పీకరు ముఖభాగం గోడకు 1 మీటరు దూరంలో ఉంటే, ఆ దూరం సుమారు 86 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు కావడంతో, వెనుదిరిగిన తరంగం వ్యతిరేక దశలో చేరి ఆ ధ్వనిని బలహీనపరుస్తుంది. అందువల్ల బాగా తెలిసిన పాటను వింటూ, స్పీకర్లను కొద్దికొద్దిగా జరిపి చూడాలి; ఖరీదైన కేబుళ్లు కొనడం కన్నా ఇదే ఎక్కువ ఫలితమిస్తుందని నా దృఢాభిప్రాయం. ఎక్కువ పౌనఃపున్యపు ధ్వనిని పలికించే చిన్న స్పీకర్లైన ట్వీటర్లు మాత్రం చెవి ఎత్తులోనే ఉండాలి.