వాయిదాల కోసం ఫీజు తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తూ రెండేళ్లుగా సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తున్నాను. ఆరు నెలల క్రితం కెమెరా, లెన్సు వాయిదాల మీద కొన్నాను. ఇంకా 14 వాయిదాలు మిగిలి ఉన్నాయి. ఫొటోలు చూసినవారంతా బాగున్నాయంటున్నారు. నాతో పనిచేసే ఒకాయన తన చెల్లెలి పెళ్లికి ఫొటోలు తీయమని, డబ్బు ఇస్తానని అడిగారు. నేను ఎక్కువగా ఆటో మోడ్‌లోనే తీస్తాను, ఫ్లాష్ ఎప్పుడూ వాడలేదు. కొత్తవాణ్ణి కాబట్టి ఇతరులు అడిగేదాంట్లో సగం తీసుకుందామనుకుంటున్నాను. అడ్వాన్సుతో కొన్ని వాయిదాలు తీరుతాయి. ఏడాదిలో ఉద్యోగం మానేసి దీన్నే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఫీజు ఎలా నిర్ణయించాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట, ఫ్లాష్ ఎప్పుడూ వాడలేదన్నది. డబ్బు సలహాలు చెప్పేవాడికి ఫ్లాష్‌తో పనేమిటని మీకు అనిపించవచ్చు. కానీ మీ లాభనష్టాలు తేలేది అక్కడే కాబట్టి, ఫీజు సంగతి కాసేపు పక్కన పెడతాను.

ఎనిమిది గంటల కార్యక్రమానికి ఇచ్చే డబ్బును ఎనిమిది గంటల కూలిగా లెక్కవేసుకోవడం ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు తరచుగా చేసే పొరపాటు. ప్రయాణానికి, ముందస్తు మాటలకు, ఫొటోలు భద్రపరచి అప్పగించడానికి కలిపి మరో ఐదు గంటలు వేసుకోండి. అనుభవమున్న ఫొటోగ్రాఫర్ 1,500 ఫొటోలు తీశారనుకుందాం. ఒక్కొక్కటి ఐదు సెకన్లు చూసి ఏరినా రెండు గంటలు దాటుతుంది. వాటిలో 400 ఎంచుకుని, ఒక్కోదానికి మూడు నిమిషాలు ఎడిటింగ్ చేస్తే 20 గంటలు. మొత్తం 35 గంటలు. ఇక మీ సంగతి చూద్దాం. ఏ ఫొటో సరిగా వచ్చిందో నమ్మకం లేక మీరు 3,000 తీస్తారు. ఆటో మోడ్‌లో ఒక్కో ఫొటోకు వెలుగు, రంగు మారిపోతుంటాయి గనుక, ఒక ఫొటోకు చేసిన సవరణను పక్కవాటికీ ఒకేసారి వర్తింపజేసే సౌలభ్యం మీకు ఉండదు. ఒక్కోదానికి ఆరు నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఏరడానికి నాలుగు గంటలు, సరిదిద్దడానికి 40 గంటలు; మీ మొత్తం 57. అనుభవజ్ఞుడి ఫీజు 100 అయితే మీది 50. ఆయనకు గంటకు 2.86 వస్తే మీకు 0.88 వస్తుంది, అంటే మూడో వంతు కూడా కాదు. ఫీజును సగానికి తగ్గించింది మీరే అయినా, మిగిలిన కోత మాత్రం ఫొటోలో వెలుగును, రంగును అదుపు చేసే షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ అనే అమరికలు ఇంకా మీ చేతికి అలవాటు కాకపోవడం వల్ల పడినదే.

ఇది గంటలతో సరిపెట్టుకోగలిగే నష్టం. గంటలు వెచ్చించినా పూడ్చలేని నష్టం ఇంకొకటి ఉంది. రా ఫైల్‌గా, అంటే కెమెరా తన సవరణలు చేయకుండా దాచే రూపంలో తీసిన ఫొటో ఒక స్టాప్ మేర, అంటే వెలుగు సగానికి తగ్గి, చీకటిగా వస్తే తరువాత చాలావరకు బాగుచేయవచ్చు. కానీ వెలుతురు చాలని హాల్లో కెమెరా తనంతట తాను షట్టర్ స్పీడ్‌ను 1/30 సెకనుకు దించితే, అంటే షట్టర్‌ను అంతసేపు తెరిచి ఉంచితే, వధువు తల తిప్పిన ఆ క్షణంలో ముఖం అలికినట్టు వస్తుంది, దాన్ని మళ్లీ ఉన్నదున్నట్టు స్పష్టంగా చేయడం ఎవరి తరమూ కాదు. ఫ్లాష్ విషయం మరీ కఠినం. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో నిలబడ్డవారి ముఖం తెల్లగా వెలిగిపోతుంటే, నాలుగు మీటర్ల దూరంలోని పెద్దవారు చీకట్లో కలిసిపోతారు. ఫీజంతా తిరిగి ఇచ్చేసినా ఆ కుటుంబానికి ఆ ఫొటో దొరకదు.

అందుకే అడ్వాన్సుతో వాయిదాలు కట్టాలన్న మీ ఆలోచన నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది. ముందుగా తీసుకున్న ఫీజును, పని పూర్తిచేసి అప్పగించేవరకు, లెక్కల పుస్తకంలో ఆదాయం కింద రాయరు. చెల్లించవలసిన బాకీల పక్కన రాస్తారు. ఆ డబ్బు ఖర్చైపోయాక ఫొటోలు పాడైతే, కెమెరా అప్పు అలాగే ఉంటుంది, దాని మీద ఇంకొక అప్పు చేరుతుంది. నేను సలహాలకు డబ్బు తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరి పదవీ విరమణ లెక్కలో వడ్డీని నెలవారీకి బదులు ఏడాదివారీగా వేసి, పొరపాటు బయటపడ్డాక ఫీజు వాపసు చేయబోతే, అది అప్పటికే ఇంటి అద్దెకు పోయింది. అప్పు తెచ్చి ఇచ్చాను. అది కూడా మళ్లీ వేసి ఇవ్వగలిగిన లెక్క కాబట్టి బతికిపోయాను.

తక్కువ తీసుకుంటున్నాను కదా అన్న ధీమా మిమ్మల్ని కాపాడదు. పెళ్లి అయిపోయాక ఆ ఇంటివారికి గుర్తుండేది ఫొటోలే, రాయితీ కాదు. పని బాగా కుదిరితే మరో చిక్కు: వారు నలుగురికి చెప్పేటప్పుడు మీ పేరుతోపాటు ఆ సగం ఫీజూ చెబుతారు, వచ్చేవారు అదే ఆశించి వస్తారు. నా మట్టుకు, నేర్చుకునే దశలో చవక ఫీజు కన్నా ఉచితంగా తీయడమే నయం. నేర్చుకోవడానికి తీస్తున్నానని ముందే చెప్పిన మనిషి నుంచి ఎవరూ పూచీ అడగరు.

ముందుగా, మిగిలిన 14 వాయిదాలను మీ జీతంలోంచి కట్టగలరో లేదో చూసుకోండి. కట్టగలిగితే వాటిని నేర్చుకునే ఖర్చుగా భావించి, ఫొటోల నుంచి ఏమీ రానట్టే ఇంటి బడ్జెట్ వేసుకోండి. కట్టలేకపోతే కెమెరాను ఇప్పుడే అమ్మి, మిగతా బాకీ తీర్చి, పాతది ఒకటి కొనుక్కోవడం మేలు. ఈ మాట మీకు రుచించదని తెలుసు, కానీ కెమెరా విలువ ఏటేటా తగ్గుతుంది, వాయిదా తగ్గదు. ఉద్యోగం మానడం గురించి ఇప్పుడు తేదీ పెట్టుకోవద్దు. జీతం ఉన్నవారికి ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిల్వ ఉంటే చాలంటారు గానీ, నెలకొక రకంగా వచ్చే ఆదాయం మీద బతకాలంటే అది 12 నెలలకు సరిపడా ఉండాలని నా అభిప్రాయం.

డబ్బుకు పని చేయాలని మీకు అంత తొందరగా ఉంటే, మళ్లీ తీయడానికి వీలున్న పనులతో మొదలుపెట్టండి. బల్ల మీద పెట్టిన వస్తువు, కిటికీ పక్కన కూర్చున్న మనిషి ఎక్కడికీ పోరు. నచ్చకపోతే అదనపు డబ్బు లేకుండా మళ్లీ తీస్తానని కాగితం మీద రాసి ఇవ్వవచ్చు, అలా రాయగలిగినప్పుడే ఫీజు అడగవచ్చు. పెళ్లిళ్లకు మాత్రం అనుభవజ్ఞుల వెంట రెండో కెమెరాగా రోజు కూలికి వెళ్లండి. చీకటి హాల్లో ఫ్లాష్‌ను నేరుగా ముఖం మీద కొట్టకుండా పైకప్పుకు తిప్పి ఎలా వాడతారో, ఒక మెమరీ కార్డు చెడిపోయినా ఏదీ పోకుండా ఒకేసారి రెండు కార్డుల్లో ఎలా రాయించుకుంటారో అక్కడ ఒక్క రోజులో కనబడుతుంది.

ఇక ఫీజు. కెమెరా ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే దాని ధరలో ఐదో వంతు, మూడు ప్రతుల బ్యాకప్‌కు అయ్యే ఖర్చు, బీమా, పన్ను, వీటికి మీ శ్రమకు ఏడాదికి మీరు కోరుకునే మొత్తాన్ని కలిపి, ఏడాదిలో నిజంగా చేయగల పనుల సంఖ్యతో భాగించండి. సొంత వాడకానికని తీసుకున్న బీమా, డబ్బు తీసుకుని చేసే పనికి వర్తించకపోవచ్చు. దాని షరతులు చదివాకే ఆ అంకె వేయండి. వచ్చిన ఫీజు మీకే ఎక్కువనిపించి అడగడానికి నోరు రాకపోతే, ఆ పనికి ఇంకా సమయం కాలేదన్నమాట.

మీ సహోద్యోగికి మాత్రం ఈ వారంలోనే చెప్పండి. ప్రధాన బాధ్యత తీసుకోలేనని, వారు పెట్టుకునే ఫొటోగ్రాఫర్ ఒప్పుకుంటే పక్కన ఉండి ఉచితంగా తీస్తానని చెబితే చాలు. వేరొకరిని కుదుర్చుకోవడానికి వారికి వ్యవధి కావాలి, అడ్వాన్సు ఇంకా మీ చేతికి రాలేదు గనుక తిరిగి ఇవ్వాల్సిందీ ఏమీ లేదు.