మింగడం, దిగమింగడం, కబళించడం: తేడా ఏమిటి?

మూడింటిలోనూ గొంతు దిగడమే ఉంది కానీ ఒకదాని చోట మరొకటి పెట్టలేం.

మింగడం మామూలు మాట. పాత కావ్యాల్లో ఇది ‘మ్రింగు’. నమలకుండా లోపలికి పంపడం దీని అసలు గుణం, అందుకే మాత్ర మింగుతాం, అన్నం తింటాం. నీళ్లయితే గుటక వేస్తాం. భయంతోనో ఆశతోనో నోట్లో ఏమీ లేకుండానే ‘గుటకలు మింగుతూ’ నిలబడతాం.

నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది దిగమింగడం. పైకి తన్నుకొచ్చేదాన్ని బలవంతంగా కిందికి అణచడం అది. ఏడుపును, అవమానాన్ని, కోపాన్ని దిగమింగుతాం. పిల్లల ముందు కన్నీళ్లు దిగమింగుకున్న తల్లి గురించి చెప్పేటప్పుడు ‘మింగింది’ అంటే ఆ ప్రయాస అంతా పోతుంది. ప్రజల సొమ్ము కాజేయడానికీ ఇదే మాట వాడతారు.

కబళం అంటే ముద్ద. ఒక్క ముద్దగా నోట వేసుకోవడం కబళించడం. కాబట్టి మింగేది పెద్దదై, దయలేనిదై ఉండాలి: వరద ఊళ్లను కబళిస్తుంది, మృత్యువు కబళిస్తుంది. మాత్రను ఎవరూ కబళించరు.

ఈ మూడింటి పక్కన చేర్చదగ్గ మాట మరొకటి ఉంది: భోజనానికి ముందు అరచేత పుచ్చుకునే నీళ్లు ఆపోశనం. అగస్త్యుడు సముద్రాన్నే అలా తాగేశాడని పురాణగాథ. ఒక విద్యను పూర్తిగా వశం చేసుకున్నవారిని ‘ఆపోశన పట్టారు’ అనడంలో మాత్రం మెప్పే ఉంది.

అన్నట్టు, తిమింగలంలో వినిపించేది మన ‘మింగు’ కాదు. సంస్కృతంలో ‘తిమి’ అనే పెద్ద చేపను మింగేది తిమింగిలం.