కిడ్నీలు, హార్మోన్లు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా వారికి 41 ఏళ్లు. టెల్మిసార్టాన్, యామ్లోడిపిన్, మెటోప్రొలాల్ మూడూ వేసుకుంటున్నా బీపీ 160/100 కిందికి దిగడం లేదు. పొటాషియం 3.1 వచ్చింది. డాక్టరుగారు ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ రాశారు. ఖర్చు ఎక్కువ, ఒక్కటి చేయిస్తే చాలదా?
*ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి*

జవాబు: చాలదమ్మా. రెండూ ఒకేసారి తీసిన రక్తంలోనే చూడాలి. కిడ్నీకి రక్తం తగ్గితే అది రెనిన్ వదులుతుంది. ఆ గొలుసు చివర, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరాన్ విడుదల చేస్తాయి. అది ఉప్పును ఒంట్లో నిలిపి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపుతుంది. ఉప్పు నిలిచాక రెనిన్ తగ్గాలి, దాని వెంట ఆల్డోస్టిరాన్ కూడా తగ్గాలి. అడ్రినల్ ఎవరి మాటా వినకుండా తయారుచేస్తూ పోతే రెనిన్ అడుగంటుతుంది, ఆల్డోస్టిరాన్ మాత్రం తగ్గదు. 1955లో అమెరికాలోని మిషిగన్‌కు చెందిన జెరోమ్ కాన్ వివరించిన జబ్బు ఇదే. అడ్రినల్‌లో గడ్డ వల్ల ఇలా జరిగి, అది ఒకవైపే ఉంటే ఆపరేషన్‌తో బాగుపడే అవకాశం ఉంది కాబట్టి ఈ ఖర్చు వృథా కాదు.

అయితే ఈ పరీక్ష సరిగ్గా రావడం రక్తం తీసే ముందు చేసే ఏర్పాట్ల మీదే ఆధారపడి ఉంటుంది. పొటాషియం తక్కువుంటే ఆల్డోస్టిరాన్ కూడా తగ్గి, జబ్బు ఉన్నా కనబడదు. ముందు డాక్టరుగారు ఇచ్చే మందుతో 4 దాకా తీసుకురండి. ఆ రోజుల్లో ఉప్పు తగ్గించొద్దు. మెటోప్రొలాల్ రెనిన్‌ను తగ్గిస్తుంది, దాంతో లేని జబ్బు ఉన్నట్టు రావచ్చు. టెల్మిసార్టాన్ రెనిన్‌ను పెంచుతుంది. అది వేసుకుంటున్నా రెనిన్ బాగా తక్కువ వస్తే అనుమానం మరింత బలపడుతుంది. ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ మందు వాడేవాళ్లకైతే సాధారణంగా 4 వారాల ముందు ఆపిస్తారు. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. మెటోప్రొలాల్‌ను హఠాత్తుగా మానేస్తే గుండెకు ప్రమాదం.

దగ్గుకు అతిమధురం కషాయం తాగుతున్నారేమో తప్పకుండా అడగండి. అందులోని పదార్థం వల్ల కార్టిసాల్ అనే మరో అడ్రినల్ హార్మోన్ కిడ్నీలో ఆల్డోస్టిరాన్ పని చేసేస్తుంది. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రిపోర్టులో మాత్రం ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ తక్కువే ఉంటాయి.

పరీక్ష రోజు పొద్దున లేచి కనీసం 2 గంటలు తిరగాలి. తర్వాత 5 నుంచి 15 నిమిషాలు కూర్చుని రక్తం ఇవ్వాలి. పిడికిలి పదేపదే బిగించి వదిలితే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది, వద్దనండి. రెనిన్ ట్యూబును ఐస్‌లో పెట్టకూడదు: చల్లదనానికి నిద్రాణంగా ఉన్న రెనిన్ చురుకై అంకె పెరుగుతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లే పెట్టెలో ఐస్ ప్యాక్ ఉంటుంది కాబట్టి, ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వడం మేలు. ఆల్డోస్టిరాన్‌ను రెనిన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 30 దాటితే అనుమానం అని మీరు విని ఉండొచ్చు. ఆ అంకె రెనిన్ చురుకుదనాన్ని కొలిచినప్పటిది. రెనిన్ పరిమాణాన్ని నేరుగా కొలిచే ల్యాబ్‌లో హద్దు వేరు.

ప్రశ్న: మా అమ్మకు క్రియాటినిన్ 3.8. ఎరిత్రోపాయిటిన్ ఇంజక్షన్లు 2 నెలలుగా వేయిస్తున్నా హిమోగ్లోబిన్ 8.2 దగ్గరే ఉంది. మందు పనిచేయట్లేదా?
*ఒక పాఠకుడు, మలక్‌పేట*

జవాబు: ముందు ఐరన్ చూడండి. రక్తకణాలు తయారుచేయమని మూలుగకు చెప్పే ఈ హార్మోన్ కిడ్నీలోనే పుడుతుంది. ఇంజక్షన్ ఆ కబురైతే అందిస్తుంది, సరుకు లేకపోతే మూలుగ మాత్రం ఏం చేస్తుంది? ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 100 లోపు, లేదా రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం లోపు ఉంటే ఐరన్ చాలనట్టే. ఐరన్ మాత్రను టీతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టదు, కనీసం 2 గంటల ఎడం పెట్టండి. ఐరన్ సరిపోయినా పెరగకపోతే దాగిన ఇన్ఫెక్షన్, రక్తం పోవడం, బి12 లోపం వెతకాలి.

ఇంజక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పారేయాలి, గట్టిగా కుదపకూడదు. మే నెల ఎండలో మందుల షాపు నుంచి ఐస్ ప్యాక్ లేకుండా తెస్తే పాడైపోవచ్చు. ఇంజక్షన్ వేయిస్తున్నన్నాళ్లూ బీపీ చూస్తూ ఉండండి. హిమోగ్లోబిన్‌ను 13 దాటించాలని మాత్రం పట్టుబట్టొద్దు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

ప్రశ్న: ఫాస్ఫరస్ పరీక్ష పాఠంలో వచ్చే 'ఫిస్కే–సుబ్బారో' మన సుబ్బారావు గారేనా?
*ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్*

జవాబు: ఆయనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిశాక వచ్చే నీలిరంగు ఎంత చిక్కగా ఉందో చూసి కొలవడం ఆ పద్ధతి. కిడ్నీలు దెబ్బతింటే ఫాస్ఫరస్ పేరుకుని, పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి, ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది. అందుకే కిడ్నీ రోగులకు ఈ పరీక్ష పదేపదే రాస్తారు. ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కణాలు పగిలి సీరమ్ ఎర్రబడితే ఫాస్ఫరస్ ఎక్కువ చూపిస్తుంది, ఆ శాంపిల్‌ను పక్కనపెట్టి మళ్లీ రక్తం తీయించాలి.