పిలాటిస్ చేస్తుంటే మెడ పట్టేస్తోందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. రోజంతా కుట్టుమిషన్ ముందు వంగి కూర్చోవడంతో భుజాలు ముందుకు వాలిపోయాయి. వీడియోలు చూసి ఇంట్లోనే పిలాటిస్ (పొట్ట, వీపు కండరాలకు బలమిచ్చే వ్యాయామ పద్ధతి) చేస్తున్నాను. అందులో ‘హండ్రెడ్’ అనే వ్యాయామం చేస్తే పొట్టకు బదులు మెడ పట్టేస్తోంది. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: హండ్రెడ్‌లో వెల్లకిలా పడుకుని తల ఎత్తి ఉంచి, 5 లెక్కపెట్టేదాకా గాలి పీలుస్తూ, 5 లెక్కపెట్టేదాకా వదులుతూ లెక్కకోసారి చేతులు పైకీ కిందికీ ఆడిస్తాం. అలా 10 సార్లు చేస్తే వంద. పొట్టకు అంత బలం ఇంకా రాకపోతే తల బరువంతా మెడ కండరాలే మోస్తాయి. అందుకే ప్రస్తుతం తల ఎత్తకండి. మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి 30 లెక్కతో మొదలుపెట్టండి. పరుపు మీద మాత్రం వద్దు, నడుము దిగబడుతుంది. చాప మీద దుప్పటి మడిచి వేస్తే చాలు. గడ్డం పైకి లేస్తుంటే తల కింద సన్నటి తువ్వాలు పెట్టండి.

నిజానికి మీకు హండ్రెడ్ కన్నా వీపు వ్యాయామమే ముఖ్యం. బోర్లా పడుకుని అరచేతులు భుజాల పక్కన ఉంచండి. గాలి పీలుస్తూ ఛాతీని 2 అంగుళాలే లేపండి, వదులుతూ దించండి. 6 సార్లు. చేతులతో నేలను నెడితే వీపు పని చేయదు. తల వెనక్కి విరిస్తే మళ్లీ మెడనొప్పే; చూపు నేల మీదే ఉండాలి.

వారానికి 3 రోజులు, 20 నిమిషాల చొప్పున చాలు. చేతుల్లోకి తిమ్మిరి, మంట పాకితే ఆపేసి డాక్టరుకు చూపించుకోండి. మిషన్ దగ్గర అరగంటకోసారి లేవడం మానకండి.