ఆ కాలమ్‌లో ‘అవును’ అనే రాయి

చిరంజీవి సురేష్‌ను ఆశీర్వదించి మీ మామయ్య రాయునది.

మీ అమ్మ ఫోన్ చేసింది. రన్నింగ్ బాగానే తీస్తున్నావట, కానీ పదహారో ఏట జాతరలో జరిగిన కొట్లాట కేసు తలుచుకుని అగ్నివీర్‌కు అప్లై చేయడమే మానేద్దామంటున్నావట. అంత టెన్షన్ పడాల్సిన పని లేదురా. ఆ కేసుతోనే నువ్వు ఆర్మీలో చేరొచ్చు. దాచిపెట్టి చేరితేనే చిక్కు.

ముందు చట్టం ఏమంటోందో చూడు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ ఉంది. పద్దెనిమిది నిండని పిల్లవాడు తప్పు చేశాడని జువైనల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించే బోర్డు) తేల్చినా సరే, దానివల్ల అతనికి ఏ అనర్హతా అంటకూడదని ఆ సెక్షన్ సారాంశం. ఒక మినహాయింపు ఉంది. పదహారు నిండిన కుర్రాడిని, కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోర నేరంలో, పెద్దవాళ్లలాగే విచారించాలని చిల్డ్రన్స్ కోర్టు నిర్ణయించి దోషిగా తేలిస్తే ఈ రక్షణ దొరకదు. నీది అప్పటి ఐపీసీ (శిక్షాస్మృతి) 323, మామూలు దెబ్బల కేసు. గరిష్ఠ శిక్షే ఏడాది. బోర్డు మందలించి ఇంటికి పంపింది. వయసు కూడా గొడవ జరిగిన రోజుది చూస్తారు, తీర్పు వచ్చిన రోజుది కాదు. దానికి నీ టెన్త్ సర్టిఫికెట్ చాలు.

అయితే చట్టం మన వైపు ఉన్నా చేతిలో కాగితం లేకపోతే ఎవరూ వినరు. అందుకని మొదటి పని, బోర్డు ఇచ్చిన ఫైనల్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకో. అందులో రికార్డులు ధ్వంసం చేయాలని పోలీసులకు ఆదేశం ఉందో లేదో చదువు. ఆ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం ఇలాంటి రికార్డును అప్పీలు గడువు దాకా, లేదంటే ఏడేళ్ల దాకా భద్రపరిచి, తర్వాత తీసేయాలి. ఆదేశం లేకపోతే బోర్డుకే ఒక పిటిషన్ పెట్టు. లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళితే అర్హతను బట్టి ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఒక్క సంగతి మాత్రం మర్చిపోకు. రికార్డు తీసేశాక నీకు కాపీ కావాలన్నా ఇచ్చేవాళ్లుండరు. ఇప్పుడే తీసుకుని ఇంట్లో భద్రంగా పెట్టు.

ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ రోజు నీతోపాటు పెద్దవాళ్లు కూడా ఉన్నారు కదా. వాళ్ల కేసు వేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో నడుస్తుంది. ఎఫ్ఐఆర్ మాత్రం ఒక్కటే, అందులో నీ పేరూ ఉంటుంది. రేపు వెరిఫికేషన్‌కు స్టేషన్‌లో కంప్యూటర్‌లో పేరు కొడితే అదే కనిపించొచ్చు. నీ కేసు బోర్డులో ముగిసిందని ఆ కానిస్టేబుల్‌కు తెలియకపోవచ్చు కూడా. కాబట్టి నాన్నను వెంటబెట్టుకుని ముందే వెళ్లి ఎస్‌ఐ గారికి ఆర్డర్ చూపించు. ముగిసిన జువైనల్ కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదని అదే చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. గౌరవంగానే గుర్తు చేయి. స్టేషన్‌లో మేనేజ్ చేస్తానని ఎవడైనా డబ్బు అడిగితే వాడి గుమ్మం తొక్కకు.

ఇక ఫారం సంగతి. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీపై కేసు నడిచిందా’ అని అడిగే కాలమ్ ఒకటుంటుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హులవుతారని హెచ్చరిక కూడా ఉంటుంది. నేను ట్రైనింగ్ సెంటర్‌లో ఉన్నప్పుడు ఒక కుర్రాడు ఆ కాలమ్‌లో ‘లేదు’ అని రాశాడు. డ్రిల్లులో, ఫైరింగ్‌లో ముందుండేవాడు. కసమ్ పరేడ్ (ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే పరేడ్) దగ్గరపడ్డాక వాళ్ల జిల్లా నుంచి వెరిఫికేషన్ కాగితం వచ్చింది. కేసు చాలా చిన్నది, ఎప్పుడో కొట్టేశారు కూడా. ఆఫీసులో అతన్ని అడిగింది కేసు గురించి కాదు, ‘లేదు అని ఎందుకు రాశావ్’ అని. బూట్లు, బెల్టు, దుప్పట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి స్టోర్‌లో అప్పగించి వెళ్లిపోయాడు. చేరేటప్పుడు తెలిసి తెలిసి అబద్ధం చెబితే ఆర్మీ చట్టం 44వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష కూడా ఉంది.

జువైనల్ కేసు అసలు చెప్పనక్కర్లేదని కొందరంటారు. అలా చెప్పకుండా చేరి ఉద్యోగం పోయినవాళ్లకు హైకోర్టుల్లో ఊరట దొరికిన మాట నిజమే. కానీ ఎప్పుడు? ఇంటికి పంపేశాక, ఏళ్ల తరబడి తిరిగాక. అగ్నివీర్ సర్వీసే నాలుగేళ్లు, వయసు పరిమితి మన కోసం ఆగదు. మరోవైపు 2019లో రమేష్ బిష్ణోయ్ కేసు చూడు. మైనర్‌గా ఉన్నప్పటి కేసు కారణంగా సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగం నిరాకరించడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో అవతార్ సింగ్ కేసులో కూడా, నిజం రాసిన అభ్యర్థిని ఎలా చూడాలో, దాచినవాడిని ఎలా చూడాలో విడివిడిగా చెప్పింది.

అందుకే నా మాట విని ‘అవును’ అనే రాయి. కింద ఇలా రాయి: “మైనర్‌గా ఉన్నప్పటి కేసు, జువైనల్ జస్టిస్ బోర్డు మందలింపుతో ముగించింది, సెక్షన్ 24 వర్తిస్తుంది, ఆర్డర్ కాపీ జత చేశాను.” ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ ఆర్డర్‌లో ఉన్నవే దించు, ఒక్క అంకె కూడా మారకూడదు. ఎవరైనా నోటితో అడిగినా అదే మాట చెప్పు. అవతలివాడే ముందు కొట్టాడన్న కథ మొదలుపెట్టకు.

ఇప్పుడు నీకు పద్దెనిమిది దాటాయి, ఇకపై పడే కేసుకు ఈ రక్షణలేవీ ఉండవు. 2022 జూన్‌లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ విధ్వంసంలో కేసుల పాలైన కుర్రాళ్లలో ఆర్మీ పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. ఎఫ్ఐఆర్ ఉంటే చేర్చుకోబోమని సైన్యం అప్పుడే ప్రకటించింది. ఆ పిల్లలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈసారి జాతరకు వెళితే అమ్మవారికి దండం పెట్టుకుని పొద్దుండగానే ఇంటికి వచ్చేయ్.

సోమవారం బోర్డు ఆఫీసుకు వెళ్లి కాపీకి అప్లికేషన్ పెట్టు. ఆర్డర్ చేతికి రాగానే ప్రతి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్. ఫారం నింపే రోజు నేనే ఊరికి వస్తాను, ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఇట్లు,
మీ మామయ్య