గ్రాఫైట్ ఎస్‌టీఎం ఇమేజ్‌లో తేనెపట్టు బదులు త్రిభుజాలు ఎందుకు?

తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు టేబుల్‌టాప్ ఎస్‌టీఎం (స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు: సన్నని లోహపు మొనని, అంటే టిప్‌ని, ఉపరితలానికి తగలకుండా దగ్గరగా నడిపి, మధ్యలో పారే కరెంటుతో పరమాణువుల బొమ్మ తీసేది) వాడుతున్నానని, గ్రాఫైట్ మీద 0.246 నానోమీటర్ల ఎడంలో చుక్కలే వస్తున్నాయని, టిప్ పాడైందా అని అడిగారు. టిప్ బాగానే ఉంది, ఇమేజ్ కూడా సరైనదే.

ఎస్‌టీఎం చూపించేది ఫెర్మి లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండి ఉన్న శక్తి స్థాయిల పై అంచు) దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువున్నాయో. గ్రాఫైట్ ప్రతి పొరలో కార్బన్లు తేనెపట్టులా ఆరేసి మూలల గళ్లుగా ఉంటాయి, ఆ పొరలు కాస్త పక్కకి జరిగి పేర్చుకుంటాయి. పై పొర కార్బన్లలో సగానికి సరిగ్గా కింద ఇంకో కార్బన్ ఉంటుంది, మిగతా సగానికి కింద ఖాళీ. కింద తోడున్న వాటి ఎలక్ట్రాన్లు ఆ జతలో చిక్కి ఫెర్మి లెవెల్‌కి దూరమవుతాయి. తక్కువ బయాస్‌లో (టిప్‌కీ నమూనాకీ మధ్య పెట్టే వోల్టేజీ) వెలిగేవి ఖాళీ మీద కూర్చున్నవే, అంటే గడికి ఆరింటిలో మూడు. 0.142 నానోమీటర్ల దూరంలో ఆరూ కనబడాలంటే ఒంటి పొర, అంటే గ్రాఫీన్ కావాలి. గ్రాఫైట్ మీద అచ్చమైన తేనెపట్టు వస్తే సంబరపడకండి, ముందు డబుల్ టిప్‌ని (ఒకే టిప్‌కి రెండు మొనలుండటం) అనుమానించండి.

టిప్‌కి 0.25 మిల్లీమీటర్ల ప్లాటినం-ఇరిడియం తీగ చాలు. కట్టర్‌ని ఏటవాలుగా పెట్టి, కోస్తూనే తీగని బయటికి లాగాలి. నిటారుగా కోస్తే మొన మొద్దుబారుతుంది. కోశాక మొనకి ఏదీ తగలనివ్వొద్దు. సెల్లోటేపుతో గ్రాఫైట్ పై పొర లేపాక, అంచుల్లో రేకులు లేచి ఉంటే ట్వీజర్‌తో తీసేయండి. లేకపోతే టిప్ కింద అవే ఊగుతాయి.

50 మిల్లీవోల్టులు, 1 నానోఆంపియర్, 5 నానోమీటర్ల ఫ్రేముతో మొదలుపెట్టి వేగంగా స్కాన్ చేయండి. నిదానిస్తే డ్రిఫ్ట్ (టిప్, నమూనా మెల్లగా పక్కకి జరగడం) వల్ల త్రిభుజాలు సాగిపోతాయి. పైకీ కిందికీ తీసిన రెండు ఇమేజ్‌లూ పోల్చితే అది తెలిసిపోతుంది. పొర మెట్టు దొరికితే ఎత్తు 0.335 నానోమీటర్లు రావాలి, జెడ్ (ఎత్తు) క్యాలిబ్రేషన్‌కి అదే కొలబద్ద.

టిప్ పైకో కిందికో 0.1 నానోమీటరు కదిలితే కరెంటు దాదాపు పది రెట్లు మారుతుంది. కాబట్టి స్కాన్ వేళ ఫ్యాను, ఏసీ ఆపాల్సిందే (మే నెల తిరుపతిలో ఈ మాట అన్నందుకు తిట్టుకోండి). అర్ధరాత్రి ప్రశాంతంగా ఉంటుందనుకోవద్దు, మన బస్టాండుకి రాత్రంటూ లేదు. కింది అంతస్తు గది చూసుకుని, సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు మీద బరువైన గ్రానైట్ పలక పెట్టి, దానిపై మిషను ఉంచండి. చిత్తూరు పక్కనే ఉండగా గ్రానైట్‌కి కరువా!

స్పెక్ట్రోస్కోపీ (టిప్‌ని ఒకేచోట ఆపి, వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలవడం) కూడా చేస్తే ఒక జాగ్రత్త. గది ఉష్ణోగ్రతలో థర్మల్ బ్రాడెనింగే (వేడి వల్ల గీతలు వెడల్పవడం) దాదాపు 90 మిల్లీఎలక్ట్రాన్‌వోల్టులు. అంతకంటే సన్నని గుంట గ్రాఫులో కనిపిస్తే డిరాక్ పాయింట్ (గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ స్థాయిలు దాదాపు సున్నా అయ్యే శక్తి) అని రిపోర్టులో రాయకండి, ముందు టిప్ మార్చి మళ్లీ తీయండి.