వెజిటబుల్ గ్లిజరిన్ ముఖానికి రాసుకోవచ్చా? పిల్లలకు ఇవ్వొచ్చా? మా ఇంటి అనుభవం

విజయవాడ నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది: "వెజిటబుల్ గ్లిజరిన్ దేనితో చేస్తారు? ముఖానికి రాసుకుంటే మంట పుట్టింది, ఎందుకు? మా నాలుగేళ్ల పాపకు దగ్గొస్తే తేనెలో కలిపి నాకించమని పెద్దవాళ్లు అంటున్నారు, ఇవ్వొచ్చా?"

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. ఇవ్వకండి. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు ఒట్టి తేనె ఒక చెంచా సరిపోతుంది. అందులో గ్లిజరిన్ అవసరమే లేదు. దగ్గు తగ్గకపోయినా, జ్వరం, ఆయాసం ఉన్నా డాక్టరుకు చూపించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను గుంటూరులో ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే సబ్బులు చేస్తున్నాను. మొదటి ఏడాది ఖర్చు కలిసొస్తుందని ఒక కెమికల్ షాపులో ఐదు లీటర్ల గ్లిజరిన్ క్యాన్ తెచ్చాను. దాని మీద స్కెచ్ పెన్నుతో 'గ్లిజరిన్' అని రాసి ఉంది, అంతే. తయారుచేసినవాళ్ల పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. అప్పటికి అవి చూడాలని కూడా నాకు తెలియదు. తెచ్చి వంటింట్లో గట్టు కింద పెట్టాను. ఒకరోజు సాయంత్రం మా బాబుకు నోరు పూస్తే, మా అత్తయ్య ఆ క్యాన్‌లోంచి చెంచాలోకి వంచి, వేలు ముంచి వాడి నాలుకకు రాయబోతున్నారు. "మా రోజుల్లో నోటిపూతకు గ్లిజరినే రాసేవాళ్లం కదమ్మాయ్" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆ క్యాన్ అక్కడ పెట్టింది నేను. అంతకు కొన్నాళ్ల ముందే కల్తీ గ్లిజరిన్ గురించి చదివి ఉన్నాను కాబట్టి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు గ్లిజరిన్ విషం కాదు. భయమంతా డైఇథిలీన్ గ్లైకాల్ అనే ఇంకో ద్రవంతో. అదీ రంగు లేకుండా, కాస్త చిక్కగా, తియ్యగానే ఉంటుంది, పైగా చవక. కడుపులోకి వెళ్తే కిడ్నీలు పాడవుతాయి. 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో రోగులకు ఇచ్చిన గ్లిజరిన్‌లో ఇది కలిసి ఉండటంతో 14 మంది చనిపోయారు. 2006లో పనామాలో గ్లిజరిన్ అని లేబుల్ వేసిన పీపాల్లో ఉన్నది ఇదే. దానితో దగ్గు మందు తయారుచేసి పంచారు, ఎందరో చనిపోయారు. రంగు చూసో, వాసన చూసో, నాలుక మీద వేసుకునో దీన్ని కనిపెట్టలేం, ల్యాబులో పరీక్ష చేయాల్సిందే. అందుకే లూజు గ్లిజరిన్ ఇంట్లోకి రానివ్వకండి. మందుల షాపులో సీలు ఉన్న సీసా అడగండి. దాని మీద ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల శుద్ధతకు మన దేశ ప్రమాణం) అనే అక్షరాలు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, గడువు తేదీ ఉండాలి. నేను ఆ క్యాన్‌ను మర్నాడే షాపుకు తిరిగి ఇచ్చేశాను.

ఇక తయారీ. వెజిటబుల్ అన్నారు కదా అని కూరగాయలు అనుకోకండి, మొక్కల నూనె అని అర్థం. పామాయిల్, కొబ్బరినూనె, సోయా నూనె ఎక్కువగా వాడతారు. ఏలూరు వైపు వెళ్తే రోడ్డుకు రెండు వైపులా కనిపించే ఆయిల్‌పామ్ తోటల నూనె లాంటిదే. ఏ నూనె అయినా లోపల మారేడు దళంలా ఉంటుందనుకోండి. కాడ గ్లిజరిన్, మూడు ఆకులు కొవ్వు ఆమ్లాలు. ఆకుల్ని కాడ నుంచి విడదీస్తే గ్లిజరిన్ బయటికొస్తుంది. ఫ్యాక్టరీల్లో సుమారు 250 డిగ్రీల వేడి దగ్గర, గట్టి ఒత్తిడితో నూనెను నీటితో విడగొడతారు. బయోడీజిల్ చేసేటప్పుడు కూడా ఇదే పక్కన మిగులుతుంది. అలా వచ్చిన ముడి గ్లిజరిన్‌ను గాలి తీసేసిన పాత్రల్లో ఆవిరి చేసి శుద్ధి చేస్తారు. మామూలుగా కాస్తే అది 290 డిగ్రీల దగ్గర గానీ మరగదు, ఆ వేడికి విరిగిపోవడం మొదలవుతుంది. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండించే పొగ వస్తుంది చూడండి, ఆ ఘాటు నూనెలోని గ్లిజరిన్ విరిగినందువల్లే.

నా సబ్బుల్లో ఇదంతా చిన్న ఎత్తున జరుగుతుంది. కిలో కొబ్బరినూనెకు కాస్టిక్ సోడా పడితే దాదాపు 140 గ్రాముల గ్లిజరిన్ పుడుతుంది. పెద్ద కంపెనీలు ఉప్పు వేసి సబ్బును విడగొట్టి, ఆ గ్లిజరిన్‌ను వేరే తీసి అమ్ముకుంటాయి. ఇంట్లో చేసిన సబ్బులో అది అలాగే ఉండిపోతుంది. జంతువుల కొవ్వు నుంచి తీసినా గ్లిజరిన్ మాత్రం అదే, చూసి తేడా చెప్పలేం. శాకాహారులైతే లేబుల్ మీద వెజిటబుల్ అని ఉందో లేదో చూసుకోవాలి. ఐపీ అంటే శుద్ధత సంగతే, దేని నుంచి తీశారో అది చెప్పదు.

మీ ముఖం మండిన సంగతి. గ్లిజరిన్‌కు ఒకటే గుణం, నీళ్లను లాక్కోవడం. ఆషాఢంలో వానలు పడగానే, నేను అరలో ఆరబెట్టిన సబ్బుల మీద చెమట పట్టినట్టు సన్నటి బొట్లు తేలాయి. మొత్తం బ్యాచ్ పాడైందని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, సబ్బులోని గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటోంది. అదే మే నెల ఎండల్లో, లేదా ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. అప్పుడు ఒట్టి గ్లిజరిన్ ముఖానికి పులిమితే అది గాలి నుంచి కాకుండా మీ చర్మం లోపలి నుంచే నీళ్లు లాగుతుంది. మంట, బిగుసుకుపోయినట్టు ఉండటం అందుకే. ఒక చెంచా గ్లిజరిన్‌కు నాలుగైదు చెంచాల పన్నీరు (రోజ్ వాటర్) గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ కలపండి. ముఖం కడిగి తడి పూర్తిగా ఆరకముందే పల్చగా రాసుకోండి. నీళ్లు కలిపాక అది నిలవ ఉండదు, వారానికి సరిపడానే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నిమ్మరసం మాత్రం వద్దు, ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడతాయి. పల్చన చేసి రాసినా మంట పుడితే మానేసి చర్మం డాక్టరుకు చూపించండి.

మా అమ్మ మిర్చి యార్డు దగ్గర ముచ్చికలు తీసే పనికి వెళ్లేది. ఎండాకాలం సీజన్‌లో రాత్రి అన్నం కలుపుకోలేకపోయేది, వేళ్లు అంత మండేవి, కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా కనిపించేది. మిరపకాయ కారం నీళ్లకు పోదు, నూనెకు పోతుంది. అందుకే ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించి, తుడిచి, తర్వాత సబ్బుతో కడిగేది. పడుకునే ముందు నీళ్లు కలిపిన గ్లిజరిన్ రాసేదాన్ని. పచ్చి పగుళ్ల మీద మొదట చురుక్కుమనేది, నాలుగైదు రోజులకు చర్మం మెత్తబడేది. నేను సబ్బుల పని మొదలుపెట్టింది ఆ చేతుల్ని చూసే.

తినడం గురించి కూడా అడిగారు కాబట్టి ఒక మాట. కేకులు మెత్తగా ఉండటానికి, సిరప్‌లకు గ్లిజరిన్ వాడతారు, ప్యాకెట్ మీద 422 అనే నంబరుతో కనిపిస్తుంది. ఆ మోతాదుతో పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. పిల్లలు ఒక్కసారే ఎక్కువ తాగితే రక్తంలో షుగర్ పడిపోయి మగతగా అయిపోవచ్చు. అందుకే బ్రిటన్‌లో ఆహార ప్రమాణాల సంస్థ 2025లో, గ్లిజరిన్ ఉన్న ఐస్ స్లష్ పానీయాలు ఏడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దని చెప్పింది. మీ పాపకు నాలుగేళ్లే.

ఇంకొకటి, పుండ్లు కడగడానికి ఊదారంగు పొటాషియం పర్మాంగనేట్ పలుకులు చాలా ఇళ్లలో ఉంటాయి. వాటి మీద గ్లిజరిన్ ఒలికితే అగ్గిపుల్ల లేకుండానే కాసేపటికి మంట లేస్తుంది. ఆ రెండూ ఒకే అరలో ఉంటే, ఇది చదవగానే లేచి వెళ్లి ఒకదాన్ని వేరేచోట పెట్టండి.